మా డబ్బు మాకెందుకివ్వరు?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా ఇంటాయన లారీ గుద్ది చనిపోయాడు. తిరుపతి కోర్టులో కేసు గెలిచాం. నాకూ, ఇద్దరు పిల్లలకూ కలిపి 12 లక్షలు వచ్చింది. చేతికిచ్చింది లక్షే. మిగతాది బ్యాంకులో వేశారు. తీసిస్తే రెండు రూపాయల వడ్డీ ఇస్తానని మా మరిది అంటున్నాడు. బ్యాంకులో అడిగితే కోర్టు ఆర్డరు తెమ్మంటున్నారు. పెద్దమ్మాయికి కాలేజీ ఫీజు కట్టాలి. ఏం చేయాలి?
- ఒక సోదరి, తిరుపతి జిల్లా

జవాబు: అమ్మా, ఆ డబ్బు మీదే. తాళం మాత్రం కోర్టు దగ్గరుంది. సూసమ్మ థామస్ కేసులో 1993లో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ఇది. మైనర్ల వాటా వాళ్లకు 18 ఏళ్లు నిండేదాకా డిపాజిట్‌లో ఉండాలి. భర్త పోయిన ఆడవాళ్ల సొమ్ముకూ ఇలాంటి రక్షణే చెప్పారు. దాని మీద బ్యాంకు అప్పివ్వకూడదు. వడ్డీ మాత్రం నెలనెలా నేరుగా మీకే అందాలి. మీ ఖాతాలో పడుతోందా? ముందు అది చూసుకోండి.

అవసరం వస్తే దారి ఉంది. తీర్పిచ్చిన ట్రిబ్యునల్‌లోనే అర్జీ పెట్టుకోండి. ఫీజు కాగితాలు జతచేయండి. చదువు, వైద్యం, బతుకుతెరువు లాంటి నిజమైన అవసరాలకు కోర్టు అనుమతి ఇవ్వొచ్చు. అందరినీ ఒకే గాటన కట్టి డబ్బు ఆపొద్దని ఏ.వి.పద్మ కేసులో 2012లో సుప్రీంకోర్టే చెప్పింది. వకీలు ఫీజుకు భయపడొద్దు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది.

ఇంకో పద్ధతీ ఉంది. మోటారు ప్రమాద పరిహారం కోసమే పెట్టిన యాన్యుటీ డిపాజిట్‌ను దేశమంతా అమలు చేయాలని 2019లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మామూలు డిపాజిట్‌లో వడ్డీయే వస్తుంది, అసలు అలాగే ఉంటుంది. ఇందులో అసలు, వడ్డీ కలిపి 3 నుంచి 10 ఏళ్లపాటు నెలజీతంలా వస్తాయి. గడువు తీరేసరికి ఏమీ మిగలదు. అది తెలుసుకునే అడగండి.

అమెరికాలోనూ పరిహారాన్ని ఇలా వాయిదాల్లో ఇస్తారు. ఆ వాయిదాలను తక్కువకు కొనేసి, రొక్కం చేతిలో పెట్టే కంపెనీలు అక్కడున్నాయి. ఆశ పెట్టేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అంత ఇస్తానన్నవాడు అసలు తిరిగిస్తాడా అన్నదే అనుమానం. మరిదితో తగవు పడొద్దు. 'కోర్టు ఒప్పుకోదు నాయనా' అనండి చాలు.