జూ అంటే బోనులేనా?

జంతువులను బోనుల్లో పెట్టడం పాపం, జూలన్నీ మూసేయాలని మన హాస్టల్లో కొందరు మిత్రులు వాదిస్తుంటారు. నేను ఒప్పుకోను. ఆళ్లగడ్డ దాటి అహోబిలం వెళ్తుంటే కనిపించే నల్లమలనే అడగండి. కుందేలంత ఉండే మూషిక జింకలు అందులో బాగా తగ్గిపోయాయి. 2010లో హైదరాబాద్ నెహ్రూ జూ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి కొద్దిపాటి జింకలతో పెంపకం మొదలుపెట్టారు. అవి వందలయ్యాయి. 2017లో కొన్నింటిని నల్లమలకే ఉత్తరాన ఉన్న అమ్రాబాద్ అడవిలో వదిలారు. లారీలో తెచ్చి దింపేయలేదు, ముందు అక్కడే కంచెలో ఉంచి అడవిని అలవాటు చేశారు.

పులికి ఇంత సులువు కాదు. 2023 మార్చిలో మన జిల్లా పెద్దగుమ్మడాపురంలో దొరికిన నాలుగు పులికూనలను, తల్లి జాడ తెలియక, తిరుపతి జూకు పంపాల్సి వచ్చింది. వేట నేర్పే తల్లి లేనిదాన్ని అడవిలో ఎలా వదులుతారు?

ఇక బట్టమేక పిట్ట. దానికోసం 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేశారు, పెంపకం మాత్రం తలపెట్టలేదు. జైసల్మేర్‌లో ఆ పని 2019లో మొదలైంది. అప్పటికే రోళ్లపాడులో అది కనబడడమే గగనమైంది.

విహారయాత్రకు జూకు వెళ్లి సింహం దగ్గర ఫోటో దిగి వస్తాం. వార్డెన్ గారు ఈసారి అక్కడి సిబ్బందితో ఈ పెంపకం గురించి ఓ అరగంట చెప్పించాలని నా మనవి.