డిఫాల్ట్ అంటే మన మర్జీ కాదు

మా నానీమా చెప్పే పాత కిస్సాలను ఫోన్‌లో రికార్డు చేస్తుంటాను. ఇంట్లో ఫ్రీబీఎస్‌డీ నడిచే పాత కంప్యూటర్ ఉంది. అందులోని ఎఫ్ఎఫ్ఎంపెగ్ రోజూ రాత్రి వాటిని చిన్న ఫైళ్లుగా మారుస్తుంది. మార్చాక అసలు ఫైలును తుడిచేసేలా నేనే స్క్రిప్ట్ రాశాను.

ఒకరోజు జల్దీలో అప్‌డేట్‌కు ‘ఎస్’ కొట్టేశాను. మూడు వారాల తర్వాత చూస్తే కిస్సాలు గాయబ్! ఎఫ్‌డీకే ఏఏసీ ఆప్షన్ పెట్టి పోర్ట్స్‌లో నేను బిల్డ్ చేసుకున్న ప్యాకేజీ పోయి, రెడీమేడ్‌ది వచ్చి కూర్చుంది. లైసెన్స్ షరతుల వల్ల ఆ ఆప్షన్ రెడీమేడ్‌లో ఉండదు. ఫైళ్లు మారలేదు, నా స్క్రిప్ట్ మాత్రం తుడిచేసింది. ‘ఆప్షన్స్ మారాయి’ అని తెరమీద ముందే చూపించింది. చదవని ఖసూర్ నాదే.

డిఫాల్ట్ ఖరాబ్ అని నేను అనను. అది దావత్ డేగ్ లాంటిది, అందరికీ సరిపడే ఉప్పూకారం. మన ఇంటివాళ్ల కోసం వేరే గిన్నె పెట్టామంటే, దాన్ని కాపాడే జిమ్మేదారీ కూడా మనదే.

అందుకే నా ఫైసలా ఇది. చాలా ప్యాకేజీలకు డిఫాల్టే చాలు. నిజంగా జరూరత్ ఉన్నచోటే ‘మేక్ కన్ఫిగ్’తో మార్చండి. ఎందుకు మార్చారో రాసిపెట్టండి. ‘పీకేజీ లాక్’తో తాళం వేయండి. కానీ తాళం వేసి మరచిపోతే సెక్యూరిటీ మరమ్మతులూ లోపలికి రావు. అప్పుడప్పుడు తాళం తీసి, కొత్త వెర్షన్‌ను మళ్లీ బిల్డ్ చేసుకోవాల్సిందే.

నానీమా ఆ కిస్సాలు మళ్లీ చెబుతోంది. కొన్ని పేర్లు మాత్రం ఇప్పుడు యాద్ రావడం లేదట.