రెండున్నర కిలోల గ్రామసింహం

కుక్కకు ‘గ్రామసింహం’ అని పర్యాయపదం ఉన్నదని క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు. మా పొమరేనియన్‌ను చూస్తే నవ్వరు. మెడ చుట్టూ జూలు, పాలవాడి అడుగు వినగానే గర్జన. తూస్తే రెండున్నర కిలోలు!

బాల్టిక్ తీరపు పొమరేనియా పేరు మోస్తున్న జాతి యిది. పూర్వం చాలా పెద్దది. 1888లో విక్టోరియా రాణి ఫ్లారెన్సు నుంచి ‘మార్కో’ను తెచ్చుకున్నాక చిన్నవాటి మీద మోజు పెరిగింది.

కిందటి చలికాలం మా బుజ్జికి దగ్గు పట్టుకుంది. బాతు అరిచినట్టుండేది. జలుబనుకొని మా ఆవిడ పసుపు పాలు పట్టింది. నేను షికారు మానలేదు. పశువుల డాక్టరు జూలు పక్కకు తీసి, లోపల బిగిసివున్న మెడపట్టీ చూపించాడు. యీ చిట్టి జాతుల్లో గాలిగొట్టపు వలయాలు మెత్తబడి, గొట్టం అణిగిపోయే జబ్బున్నదట. గొలుసు గుంజితే ఆ వత్తిడి అక్కడే పడుతుంది. మూడేళ్లుగా గుంజుతున్నవాణ్ణి నేనే!

పట్టీ తీసేశాం, రొమ్ముకు కట్టేది తెచ్చాం. ఒళ్లు చేస్తే ఊపిరి మరీ కష్టం, అంచేత నా కంచంలో దాని వాటా రద్దయింది. ఉల్లి తగిలినవి అసలే కూడదు, రక్తం చెడుతుంది. వేసవిలో బొచ్చు గొరిగించమనే హితైషులు వీధికొకరున్నారు. వినకండి. రెండు పొరల ఆ బొచ్చే చర్మానికి ఎండ తగలనివ్వదు. గొరిగితే మళ్లీ సరిగా మొలవకపోవచ్చు. షికారు మాత్రం పొద్దెక్కకముందే.

దగ్గు పూర్తిగా పోలేదు. పాలవాడొస్తే రెండు అరుపులు అరిచి ఆగుతుంది. నేను పుస్తకం పక్కనబెట్టి వెళ్లి ఎత్తుకుంటాను.