ఆటలో అబ్బు పరభాష

పరభాషలు మన బాలబాలికలకు అక్కరలేదని వాదించువారు నేడు తెలుగునాట కానరారు. ఇంగ్లీషు రానిదే బ్రతుకుతెరువు లేదను భయము కృష్ణాతీరమున సేద్యము చేయువాని యింట నెంత గలదో, హైదరాబాదు వర్తకుని యింటను అంతే గలదు. ధాన్యమమ్మిన సొమ్ములో ముందుగా పిల్లవాని బడిజీతమునకు కొంత తీసి వేరుగ నుంచు గృహస్థులను మనమెల్లర మెరుగుదుము. కావున నేర్పవలెనా, వలదా యను చర్చ ఏనాడో ముగిసినది. ఎట్లు నేర్పుచున్నామను చర్చ మాత్రము ఇంకను సరిగ మొదలు కాలేదు.

మూడేండ్ల పసివానిచే అర్థము తెలియని ఇంగ్లీషు పాటలు వల్లె వేయించి, చుట్టములు వచ్చినప్పుడెల్ల వానిని నడుమ నిలువబెట్టి మరల పాడించి, దీనికి ఆటపాటల చదువని పేరు పెట్టినారు. పాట గలదు, నిజమే, ఆట యెచ్చట? మంచు కురియు దేశపు పాటలోని వస్తువులను అమలాపురపు బాలుడు ఎన్నడును చూచియుండడు, చూపువారును లేరు. ఆ బాలుడే తరగతిలో దాహమగుచున్నదని తెలుగున నడిగినచో జరిమానా వేయు పాఠశాలలు గలవు. తెలుగు మాటాడినందుకు మెడలో పలక వ్రేలాడదీసి నిలువబెట్టిన వార్తలను పత్రికలలో చదివియున్నాము. ఒక చేత మిఠాయి చూపుచు మరియొక చేత చెవి మెలిపెట్టినట్లున్నది యీ బోధన.

పిల్లవానికి తెలుగెట్లు వచ్చినదో పెద్దలొక్కమారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. వ్యాకరణమును వానికెవరును చెప్పలేదు. భోగినాడు తలపై పండ్లు పోసినప్పుడు రేగుపండు, చెరకుముక్క, చిల్లరడబ్బు అను మాటలు ఆ వస్తువులతో కూడ వాని యొడిలో పడినవి. బొమ్మలకొలువులో ఏ మెట్టుపై ఏ బొమ్మ యుండవలెనో అక్కతో తగవులాడుచు పైన, క్రింద, ముందు, వెనుక అను మాటల భేదమును గ్రహించినాడు. అవ్వచేత ఒకే కథను నూరుమారులు చెప్పించుకొని, ఆపైన అవ్వ ఒక మాట తప్పినచో తానే దిద్దినాడు. దాగుడుమూతలలో లెక్క తప్పినవానిని తోడివారు ఊరక విడువరు గనుక లెక్కయు కుదిరినది. ప్రతి మాటయు ఏదో యొక పనికి తోడుగ వచ్చినదే గాని ఒంటిగ రాలేదు. పరభాషకు మాత్రము వేరు త్రోవ యుండునని మనమేల భావింపవలెను?

ఇది మేము క్రొత్తగ కనిపెట్టిన సంగతి కాదు. ఐరోపాఖండమున లాటినుభాషను బెత్తముతో నేర్పుచున్న దినములలోనే మొరేవియా దేశస్థుడగు కొమీనియస్ (1592-1670) ఆ పద్ధతికి ఎదురు తిరిగెను. 1658లో న్యూరెంబర్గు నగరమున అచ్చయిన ఆయన ‘ఆర్బిస్ పిక్టస్’ బాలురకై వెలువడిన బొమ్మల పుస్తకములలో మొట్టమొదటివానిలో నెన్నదగినది. పైన బొమ్మ, బొమ్మలోని వస్తువులకు అంకెలు, ఆ అంకెలననుసరించి ఒక వరుసలో లాటిను మాట, దాని ప్రక్క వరుసలో బాలుని స్వభాషయగు జర్మను మాట. అక్షరములను సైతము కాకి కూతతోను, గొఱ్ఱెపిల్ల అరపుతోను జతపరచినాడు. అంతకు కొన్నియేండ్లకు ముందు హంగరీదేశపు షారొష్‌పటక్ పాఠశాలలో నున్నప్పుడు తన పాఠ్యపుస్తకమునే నాటకములుగ మార్చి విద్యార్థులచే ఆడించెను. ఆ నాటకముల సంపుటము పేరునకు ‘ఆటయైన పాఠశాల’ యని యర్థము. పాఠకులొక్క విషయము గమనింపవలెను. ఆయన పుస్తకమున స్వభాషకు బహిష్కారము లేదు. అతిథివలె వచ్చిన పరభాష ప్రక్కనే ఇంటిభాషయు కూర్చుండియున్నది.

ఇంటిభాషను దూరముగ నుంచి పరభాష నేర్పిన వృత్తాంతమును ఒకటి గలదు. నేటి ఇంగ్లీషుబడుల యజమానులు తమ పక్షమున చూపదగినదది. ఫ్రెంచి రచయిత మాంటేన్ 1533లో జన్మించెను. తండ్రి సంపన్నుడు, భూస్వామి. కుమారునకు మాటలు రాకమునుపే, ఫ్రెంచి యేమాత్రమును తెలియని జర్మనుపండితుని నొకని తెచ్చి యింట నుంచెను. బాలునితో లాటిను తప్ప వేరుభాష మాటాడరాదని కట్టడి చేసెను. తల్లి, తండ్రి, నౌకరు, దాసి, ఎల్లరును బాలునితో మాటాడుటకు చాలినన్ని లాటిను మాటలు నేర్వవలసివచ్చెను. ఆ మాటలలో కొన్ని చుట్టుప్రక్కల పల్లెలకు గూడ ప్రాకినవట. ఆరేండ్లు దాటువరకు ఆ బాలునకు ఫ్రెంచి తెలియదు. దెబ్బలు లేకయే లాటిను వచ్చెను. గ్రీకును పలకపై ఆడు ఆటవలె నేర్పజూచిరి.

తరువాత నేమయ్యెను? బోర్డో నగరపు ప్రసిద్ధ పాఠశాలలో చేర్చినంతనే ఆ లాటిను చెడనారంభించెననియు, పిమ్మట వాడుక తప్పి చేజారెననియు ఆయనయే చెప్పుకొన్నాడు. ఇంట ఆటగ వచ్చినది బడిలో పాఠమై పోయినది. అంతకంటె చెప్పదగిన సంగతి మరియొకటి. 1580లో ఆయన లోకమునకిచ్చిన వ్యాససంపుటము లాటినున లేదు, ఫ్రెంచిలో నున్నది. ఉగ్గుపాలతో లాటిను త్రాగినవాడు తన మనస్సు విప్పవలసి వచ్చినప్పుడు తన దేశపు భాషనే ఆశ్రయించెను. ఆ తండ్రి ధనవంతుడు గనుక ఇల్లంతయు లాటినుమయము చేయగలిగెను. మన యిండ్లలో అవ్వయు, పాలేరును, పాలుపోయు ముసలమ్మయు ఇంగ్లీషు నేర్చి బాలునితో మాటాడుట జరుగునది కాదు. జరుగవలెనని కోరదగినదియు కాదు.

కావున మా యభిప్రాయమిది: తెలిసిన కథను తెలియని భాషలో చెప్పవలెను. తెలియని కథను తెలియని భాషలో చెప్పినచో బాలుడు రెండు చీకటుల నడుమ చిక్కుకొనును. కోతి, మొసలి కథ తెలుగున విన్న బాలునకు దానినే ఇంగ్లీషున చెప్పి చూడుడు. కోతి మొసలి వీపుపై నెక్కునని వానికి ముందే తెలియును. గుండెను చెట్టుపై మరచివచ్చినట్లు కోతి బొంకుననియు తెలియును. ఆ ఘట్టమెప్పుడు వచ్చునాయని చెవులు నిక్కించి యుండును. వచ్చిన మాటను వచ్చినట్లు పట్టుకొనును. నిఘంటువు చేయవలసిన పని కథయే చేయును.

ఈ పద్ధతికి చక్కని సాధనము చిరకాలము మన చేతిలోనే యుండెను. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మదరాసున తెలుగు, తమిళములలో ప్రారంభించిన ‘చందమామ’ తరువాత హిందీ, కన్నడము, ఇంగ్లీషు మున్నగు పెక్కుభాషలలో వెలువడెను. ఒకే కథ, ఒకే బొమ్మ; భాష మాత్రము వేరు. శవమును భుజముపై వేసుకొని నడచు విక్రమార్కుని బొమ్మ తెలుగు ప్రతిలోను, హిందీ ప్రతిలోను ఒక్కటియే. రెండింటిని ఎదురెదురుగ పరచుకొన్న బాలునకు గురువుతో పనిలేదు. కొమీనియస్ రెండు వరుసలలో అచ్చు వేయించినది మనకు నెలనెల కొద్దిపాటి వెలకు ఇల్లు చేరుచుండెను. 2010వ దశకమున ఆ పత్రిక నిలిచిపోయినది. ధనవంతులు గల జాతి దానిని నిలుపుకొనలేకపోవుట మనకు గౌరవము కాదు. అయినను నేషనల్ బుక్ ట్రస్టువారు నెహ్రూ బాలపుస్తకాలయ మాలలో ఒకే బొమ్మల పుస్తకమును పలు భారతీయభాషలలోను, ఇంగ్లీషునను ప్రచురించియున్నారు. పిల్లవాని మెడకు కట్టు టైకి బడివారు పుచ్చుకొను సొమ్ముతో అట్టివి కొన్ని కొనవచ్చును.

కథ తరువాత పండుగ. ఇచ్చట మాత్రము తెలిసినదానితో ఆగిపోరాదు. ఒక జాతిభాషను నేర్చి ఆ జాతి పండుగ నెరుగనివాడు గడప దాటకయే ఇల్లు చూచితిననువానివంటివాడు. ఫ్రెంచివారి ఆచారమొకటి చూడుడు. జనవరి 6వ తేదీ ప్రాంతమున వారు గుండ్రని పిండివంట నొకటి చేసి, లోపల చిక్కుడుగింజనో, చిన్న పింగాణి బొమ్మనో దాచుదురు. ఇంటిలో కడగొట్టు బిడ్డ బల్లక్రింద దూరును. పెద్దలు ముక్క కోసి ఇది యెవరికని యడుగుదురు. బల్లక్రిందనుండి బిడ్డ ఒక్కొక్కరి పేరు చెప్పును. గింజ యెవరి ముక్కలో దొరకునో వారే ఆనాటి రాజు లేక రాణి. తలపై కాగితపు కిరీటము. ఇక ఏప్రిల్ 1వ తేదీన కాగితపు చేపను ఎదుటివాని వీపునకు తెలియకుండ అంటించి నవ్వుట మరియొక వేడుక. మన తరగతిలో బొబ్బట్టులో జీడిపప్పు దాచినను ఆట సాగును. ఇది యెవరికి, నాకు, ఆమెకు, అతనికి అను ఫ్రెంచి మాటలు ఒక్క మధ్యాహ్నమున వచ్చును. 1954 వరకు, రెండు శతాబ్దములకు పైగ, ఫ్రెంచివారి యేలుబడిలో నున్న యానాములో ఇట్టి యాట నాడించుట యెంత సులభము!

పరుల పండుగలు మనకేలయను స్వాభిమానులు గలరు. వారి శంక తోసిపుచ్చదగినది కాదు. కాని బేరము రెండువైపుల నుండవలెను. మన ఉగాదిని పరునకు వాని భాషలో చెప్పగల బాలుడెందరు గలరు? వగరునకు ఇంగ్లీషుమాట చెప్పుమన్న పట్టభద్రులు సయితము తడబడుదురు. పచ్చడి నోటిలో నుండగా విన్నచో అయిదేండ్ల బిడ్డయు ఆ మాటను మరువడు.

ఆటలచే కాలయాపనమే గాని విద్య రాదందురా? 1979 మొదలు 1984 వరకు ఎన్.ఎస్. ప్రభుగారి నాయకత్వమున బెంగుళూరు కేంద్రముగ దక్షిణదేశపు పాఠశాలలు కొన్నింట ఒక ప్రయోగము జరిగినది. వ్యాకరణపాఠములను మాని, పటము చూచి త్రోవ చెప్పుట, రైళ్ల వేళలపట్టిక చూచి యే బండి యెక్కవలెనో నిర్ణయించుట వంటి చిక్కుప్రశ్నలను ఇంగ్లీషున నిచ్చిరి. బాలుని దృష్టి చిక్కు విప్పుటపై నుండెను. భాష ఆ పనిలో వెంట వచ్చుననుట వారి యూహ. భాషాబోధన చర్చలలో ఆ ప్రయత్నము నేటికిని ప్రస్తావింపబడుచున్నది. అమెరికాలో జేమ్స్ ఆషర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు లెమ్ము, కూర్చుండుము, తలుపు తెరువుము అను ఆజ్ఞలను వినిపించి చేయించి, బాలుడు తానై నోరు విప్పువరకు తొందరపెట్టరాదనెను. మన బడులలో మొదటి దినముననే నోరు విప్పవలెను. విప్పినది తప్పయినచో మూయవలెను. ఇన్ని దేశముల మాట యెందులకు? మన వైకుంఠపాళియే పందొమ్మిదవ శతాబ్దపు చివర ఆంగ్లేయుల యిండ్లకు పోయి వారి పిల్లల ఆటయైనది. నిచ్చెన యెక్కుచు, పామునోట పడుచు గడులను ఇంగ్లీషున లెక్కించుటకు ఏ పాఠ్యపుస్తకము కావలెను?

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రభుత్వపాఠశాలలందు ఒకటవ తరగతి మొదలు ఇంగ్లీషును బోధనభాష చేయ నిశ్చయించెను. 2020 ఏప్రిలున ఉన్నతన్యాయస్థానము ఆ యుత్తరువులను కొట్టివేసెను. ఆ యేడే వెలువడిన జాతీయ విద్యావిధానము, వీలైనచోటనెల్ల కనీసము ఐదవ తరగతి వరకు ఇంటిభాషలో బోధింపవలెననియు, భాషలన్నిటిని వినోదముగ, సంభాషణతో నేర్పవలెననియు, ఇతరభాషలలో చదువుట, వ్రాయుటలను మూడవ తరగతినుండి పెంపొందింపవలెననియు చెప్పినది. మాట బాగున్నది. కాని ఏ భాషలో బోధింపవలెనను పోరాటపు సందడిలో ఇంగ్లీషును ఎట్లు నేర్పవలెనను సంగతిని ఇరుపక్షములవారును మరచిరి. పేదవాని బిడ్డకును ఇంగ్లీషు కావలెనను కోరిక న్యాయమైనది. దానిని పరిహసించుట తప్పు. గణితమును ఇంగ్లీషున చెప్పినంతమాత్రమున ఇంగ్లీషు రాదు, గణితము గూడ పోవుననుటయే మా వాదము.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతమున సవరబిడ్డలకు చదువు చెప్పదలచి, ముందు తామే సవరభాష నేర్చుకొనిరి. వారి కథలను, పాటలను సేకరించి, వారి భాషలోనే వాచకములు వ్రాసిరి. బిడ్డ గురువు భాషకు రాకమునుపే గురువు బిడ్డ భాషకు పోయెను. (వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆయనను గ్రాంథికమున పొగడుచుంటిమని పాఠకులు నవ్వుకొందురేమో; నవ్వుకొనుడు.) ఇంగ్లీషుబడి పంతులునకు తెలుగు కథ రాకున్న కొరత అట్టిదే. కథ చెప్పుట చేతగాని గురువును చిన్నతరగతులకు నియమింపరాదని యేల నియమము చేయరాదు?

ఇక సెలవుల మాట. వేసవి వచ్చినంతనే ఇంగ్లీషు సంభాషణ తరగతుల ప్రకటనలతో పట్టణముల గోడలు నిండుచున్నవి. సెలవును బడియైనచో పిల్లవాడాడుకొనునదెప్పుడు? కుప్పమువంటి మూడు రాష్ట్రముల కూడలిలో బాలురు వీథి యాటలలోనే తెలుగు, తమిళము, కన్నడములను పుచ్చుకొందురు. బళ్లారిలో మేనమామ యింట రెండునెలలు గడిపిన పిల్లవాడు కన్నడపు మాటలతో తిరిగివచ్చును. ఇంగ్లీషునకు మేనమామ యూరు లేదు గనుక మనమే యొకటి కల్పింపవలెను. అందులకు గ్రంథాలయము తగినచోటు. 1914లో బెజవాడయందు గ్రంథాలయ మహాసభ జరిపిన జాతి మనది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును నేటికిని చెల్లించుచున్నాము. వేసవి ఉదయములందు ఒక గంట చాలును. మొదటినాడు కథ తెలుగున. మరునాడు అదే కథ ఇంగ్లీషున. మూడవనాడు పిల్లలే కోతియు, మొసలియునై ఆడవలెను. మార్కులు వలదు, పరీక్ష వలదు, యోగ్యతాపత్రము అసలే వలదు. ఊరిలో పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయు డొక్కడైన దొరకకపోడు. పన్ను చెల్లించు గృహస్థులు పదిమంది చేవ్రాళ్లు చేసి, ఉదయము ఎనిమిదింటికి తలుపు తీయించుటకును, రెండు చాపలకును, ఇరువది బొమ్మల పుస్తకములకును జిల్లా గ్రంథాలయసంస్థకు అర్జీ పంపవలెను. వేసవి సెలవులకు ముందే పంపుట మేలు.