ఇంటికి తిరిగి వచ్చిన మరొక మనిషి

కేథీ క్రిమిన్స్ రాసిన 'వేర్ ఈజ్ ద మ్యాంగో ప్రిన్సెస్?' (2000) మళ్ళీ చదివాను. కెనడాలో ఒక సరస్సు మీద జరిగిన పడవ ప్రమాదంలో ఆమె భర్త తలకు తీవ్రమైన దెబ్బ తగిలింది. కోమా నుంచి బయటపడ్డాడు, నడిచాడు, మాట్లాడాడు. ఆస్పత్రి లెక్కలో అది విజయం. ఇంటికి వచ్చినవాడు మాత్రం ఆమె పెళ్ళాడినవాడు కాడు. (పేరులోని మామిడి రాకుమారి, తెలివి వస్తున్న వేళ అతని నోట వెలువడిన పొంతన లేని మాట.)

నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం మనల్ని పనికి పురికొల్పుతుంది, అనరాని మాటను పెదవి దాటనివ్వదు. అది దెబ్బతింటే ఒకరు అయినదానికీ కానిదానికీ మండిపడతారు; మరొకరు గంటల తరబడి కుర్చీలోంచి కదలరు. మన ఇళ్ళలో మొదటిదాన్ని పొగరంటారు, రెండోదాన్ని సోమరితనమంటారు. తాను మారానన్న గ్రహింపు కూడా చాలామందిలో ఆ దెబ్బతోనే పోతుంది గనుక వాదించి ఒప్పించబోవటం వృథాప్రయాస. టీవీ కట్టేసి, ఒక్కరే, ఒక్క విషయమే మాట్లాడాలి. అలసట ముంచుకురాకముందే పడుకోనివ్వాలి. కోపం వచ్చిన ప్రతిసారీ దానికి ముందు ఏం జరిగిందో రాసి పెట్టుకుంటే, తరచుగా అది సాయంత్రం వేళో, చుట్టాల సందడిలోనో వస్తున్నదని తెలుస్తుంది.

ఐర్లండ్‌లో ఈ బాధ్యతను తలకెత్తుకున్న వారిలో ఒక తోబుట్టువు ఉన్నారు. మెదడు దెబ్బతిన్న సోదరుడు పీటర్ బ్రాడ్లీకి తగిన పునరావాసం దొరకక, బార్బరా ఓకానెల్ 2000లో భర్తతో కలిసి స్థాపించిన సంస్థే నేటి అక్వైర్డ్ బ్రెయిన్ ఇంజురీ ఐర్లండ్. వైద్యుడిగా నాకిది కొంత సిగ్గు కలిగించే విషయమే.

పాలీన్ బాస్ తన 'యాంబిగ్యువస్ లాస్' (1999)లో, మనిషి ఎదుటే ఉండీ లేకపోవటం కూడా ఒక వియోగమే అంటారు. ఐర్లండ్‌లో ఎవరైనా పోతే ఇరుగుపొరుగు శాండ్‌విచ్‌లు పట్టుకొచ్చి రాత్రంతా శవం దగ్గర కూర్చుంటారు. మనకు పెద్దకర్మ ఉంది. ఈ వియోగానికి ఏ తంతూ లేదు. 'ప్రాణం దక్కింది కదమ్మా, ఓర్చుకో' అనేసి వెళ్ళిపోతారు. ఆ ఓర్పును మందుచీటీలా రాసివ్వటం నాకు నచ్చదు. పాత మనిషి కోసం ఏడవటం కొత్త మనిషికి ద్రోహం కాదు. అతడు చెయ్యి ఎత్తినపుడు పిల్లలతో సహా ఇల్లు దాటి వెళ్ళటం ధర్మం తప్పటమూ కాదు.

క్రిమిన్స్ హాస్యరచయిత్రి, ఇంత దుఃఖంలోనూ నవ్విస్తారు. కొందరికది కటువుగా తోచవచ్చు, నాకు మాత్రం ఊపిరి ఆడినట్లనిపించింది. ఈ పుస్తకాన్ని భార్యకో, తల్లికో ఇస్తాను. మొదటి నెలలో కాదు, పలకరించేవారు రావటం మానేశాక.