వీధినున్న బిడ్డలు – మన కర్తవ్యము



రైలుస్టేషనులయందును, బస్సుస్టాండులయందును ఖాళీసీసాలు ఏరుకొనుచు తిరిగి, రాత్రివేళ ఏ అరుగుమీదనో మేను వాల్చు పిల్లలను మనమందరమును చూచియుందుము. చేతనున్న పండో, ఒక నాణెమో యిచ్చి, ‘అయ్యో పాపము’ అనుకొని మన దారిన మనము పోవుదుము. ఆ దయ మంచిదే. కాని ఆ బిడ్డ ఏ ఊరివాడో, వాని తల్లి యెవ్వరో అడుగువారు మాత్రము అరుదు. పండుతో ఒకపూట ఆకలి తీరును. అడుగువారు లేని కొరత తీరదు.

వీధిబిడ్డలలో పెక్కురు వీధిలో పుట్టినవారు కారు. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు 2016 వరకు పాలమూరు జిల్లాలోనివి. పాలమూరు కూలీలు దేశమందలి ఎన్నియో జలాశయములకు, కాలువలకు మట్టి మోసినవారు. గుంపుమేస్త్రీ ముందుగా సొమ్మిచ్చును. కుటుంబము కుటుంబమే తరలిపోవును. నీరు వచ్చిన ఊళ్లలో వలస తగ్గినను, బొత్తిగా ఆగిపోలేదు. వెంట పోయిన బిడ్డకు అచ్చటి భాష రాదు, బడి దొరకదు. అవ్వచెంత విడువబడిన బిడ్డను, చూపానని ఆ ముసలిది ఎంతని కాచును? ఇంట త్రాగుడో, దెబ్బలో తోడైనచో, ఆ పిల్లవాడు ఒకనాడు సికింద్రాబాదు బండి యెక్కును. నాగర్‌కర్నూలునకు రైలు లేకున్నను బస్సున్నది గదా!

గద్వాల సీమలో సీడుపత్తి సాగు విస్తారము. సాయంకాలము మొగ్గలను ఒక్కొక్కటిగా గిల్లి, మరునాటి యుదయము మగపూవు పుప్పొడిని వానికి అద్దవలెను. దీనినే క్రాసింగు అందురు. పిల్లల యెత్తు ఆ చెట్లకు సరిపోవునని, ముఖ్యముగా ఆడపిల్లలను ఈ పనిలో పెట్టుట ఏండ్ల తరబడి సాగినది. 2011 జనగణనములో ఈ గద్వాల ప్రాంతమున చదువెరిగినవారు సగముమందియే యని తేలుటలో వింత యేమున్నది?

బడిపంతులుగారి యింటిదాననగుటచే నాకు తెలిసినదొకటి మనవి చేయుదును. వీధిని చేరు బిడ్డ మొట్టమొదట తప్పిపోవునది హాజరుపట్టీలోనుండి. పూతకాలమున పదిదినములు రాడు. వలసకాలమున మూడు మాసములు రాడు. పిదప పేరు కొట్టివేయబడును. ఆ మూడు మాసములలో ఎవరైనను ‘బిడ్డ యేడి?’ అని యడిగినచో, తరువాత స్టేషనులలో వెదుకవలసిన పని యుండదు.

ఈ సత్యమును పట్టుకొని పాటుపడిన తెలుగు ఆడపడుచు శాంతా సిన్హాగారు. వారి యెం.వి. ఫౌండేషను 1991 మొదలు రంగారెడ్డి జిల్లా పల్లెలలో, బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలోనున్న బిడ్డయే యని చాటి, పని మాన్పించిన పిల్లలను శిబిరములందుంచి చదువు పట్టించి, ఈడుకు తగిన తరగతులలో చేర్చినది. 2003లో వారికి రామన్ మాగ్సెసే బహుమానము లభించినది. ఇల్లు విడిచి వచ్చిన పిల్లలకై బెజవాడలో 1989లో నవజీవన్ బాలభవన్ వెలసినది.

విదేశములందును ఇట్టి యత్నములు ప్రాతవే. లండనులో బర్నార్డో అను నాతడు 1870లో దిక్కులేని బాలురకు వసతిగృహము తెరచెను. చోటులేదని త్రిప్పిపంపిన బాలుడొకడు చలికి, ఆకలికి మరణింపగా, నాటినుండి ఏ బిడ్డకును కాదనమని తలుపుమీద వ్రాయించిరట. ఐనను ఆ దేశపు ధర్మసంస్థలే వేలకొలది పిల్లలను తల్లిదండ్రులకు దూరము చేసి కెనడాకును, ఆస్ట్రేలియాకును పంపివైచినవి. అందులకు 2010లో ఆ దేశప్రధాని క్షమాపణ చెప్పుకొనవలసివచ్చినది. కూడు పెట్టి కుటుంబమును మరపించుట ధర్మము కాదని దీనివలన తెలియుచున్నది. మన 2015 నాటి బాలన్యాయచట్టము సైతము బిడ్డను వీలైనంతవరకు కన్నవారికే చేర్పుమని చెప్పుచున్నది.

ఇక మన కర్తవ్యము. ఒంటరిబిడ్డ కనబడినచో చెంతకూర్చుండబెట్టుకొని పేరడిగి, 1098కి ఫోను చేయవలెను. ముంబయిలో 1996లో పుట్టిన ఈ సాయము నేడు ప్రభుత్వమువారి నిర్వహణలో నున్నది. దొరికిన బిడ్డను ప్రయాణకాలము గాక 24 గంటలలో బాలల సంక్షేమసమితి యెదుట నిలుపవలెను. ఆ సమితిలో ఒక స్త్రీయైనను ఉండితీరవలెను. పొరుగువారు వలసపోవునపుడు, బిడ్డ యెచ్చట నుండునో అడిగి, వసతిబడిలో చేర్పించుటకు తోడుపోవుడు. ఆడపిల్లలకు కస్తూర్బాగాంధీ విద్యాలయములున్నవి.

మరియొక మాట మన వంటయింటిది. ‘పేదపిల్లను పనికి పెట్టుకొంటిమి, మాతోపాటే తినును, సుఖముగా నున్నది’ అనువారు కలరు. పదునాలుగేండ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకొనుట 2006 అక్టోబరునుండి నిషిద్ధము. ఆమె మన పిల్లలకు పలక తుడిచి యిచ్చుచు, తాను అక్షరమెరుగక పెరుగుట సుఖమా? ఆ యింట తగవు వచ్చిననాడు ఆమెకు మిగులునది వీధియే.

భారతమున కర్ణుని కన్నది కుంతి. ఏటిలో కొట్టుకొనివచ్చిన వానిని పెంచినది రాధ. కన్నతల్లి యెవరో తెలిసినపిమ్మటను అతడు రాధను విడువలేదు. మనలో ప్రతివారును రాధ కాజాలకపోవచ్చును. తప్పిపోయిన బిడ్డ పేరడుగుట మాత్రము ఎల్లరకును సాధ్యమే.