విప్పని కవరులో మిగిలిపోయిన ఓటు

ప్రభుత్వ కొలువులో ఉన్న రోజుల్లో ఓట్ల లెక్కింపు విధులకు హాజరయ్యాను. ముందుగా తెరిచేవి పోస్టల్ బ్యాలెట్ కవర్లే. ఒకసారి మా బల్ల మీదికి వచ్చిన కవరులో ఓటరు ప్రకటన పత్రం ఉంది, దానిపై ఓటరు సంతకమూ ఉంది. ధ్రువీకరించవలసిన అధికారి సంతకం మాత్రం లేదు. లోపలి కవరు విప్పకుండానే తిరస్కరించి పక్కన పెట్టారు. ఎన్నికల విధుల్లో ఉన్న ఒక చిరుద్యోగి ఓటు అది. అది చెల్లలేదని ఆ ఉద్యోగికి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని నిబంధన కూడా లేదు.

నిబంధన ఇలా ఉంటుంది. బయటి కవరులో రెండు ఉంటాయి: ఫారం 13ఏ అనే ప్రకటన పత్రం, బ్యాలెట్ ఉన్న లోపలి కవరు. ముందు ప్రకటనను పరిశీలిస్తారు. అది లేకపోయినా, సంతకమో ధ్రువీకరణో కొరవడినా, అందులోని బ్యాలెట్ క్రమసంఖ్య లోపలి కవరు మీది సంఖ్యతో సరిపోకపోయినా ఓటు పోయినట్లే. ఓటరు అర్హుడే, బ్యాలెట్ అసలైనదే. కాగితం మీది లోపానికి హక్కు బలి అవుతుంది.

ఇది చిన్న విషయం కాదు. 2017 గుజరాత్ శాసనసభ ఎన్నికల్లో ధోల్కా స్థానంలో మెజారిటీ 327 ఓట్లు; తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్లు 429. ఆ తిరస్కరణ చెల్లదంటూ 2020 మేలో హైకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. కొద్ది రోజులకే సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. ఇన్ని మలుపుల్లోనూ ఆ ఓటర్లలో ఎవరికీ తన పత్రాన్ని సరిచేసుకునే అవకాశం రాలేదు.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఇదే సమస్య మరో రూపంలో ఎదురైంది. ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి, పేరు, హోదా, ముద్ర లేని ప్రకటనల సంగతేమిటన్నది వివాదమైంది. సంతకం ఉంటే చాలునని ఎన్నికల సంఘం చెప్పింది. వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ దీన్ని సవాలు చేయగా హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించాయి. ఫలితం ఎవరికి అనుకూలమైందన్నది మనకు అక్కరలేదు. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. నడుమ మూడు వారాలు కవర్లు భద్రంగా ఉన్నాయి. ముద్ర వేయని తప్పు అధికారిది, ఆందోళన ఓటరుది. ఆ మూడు వారాల్లో ఓటరును పిలిచి సరిచేయించి ఉంటే న్యాయస్థానాల దాకా వెళ్లవలసిన పనే ఉండేది కాదు.

అమెరికాలో అనేక రాష్ట్రాలు ఈ పని చేస్తున్నాయి. సంతకం కొరవడినా, సరిపోలకపోయినా ఓటరుకు కబురు పంపి సవరణకు గడువిస్తారు. జార్జియాలో పోలింగ్ తరువాత మూడు రోజుల వరకు ఆ గడువు ఉంది. పెన్సిల్వేనియాలో మాత్రం ఇది కౌంటీని బట్టి మారుతూ వచ్చింది. ఒకచోట పిలిచి చెప్పేవారు, పక్క కౌంటీలో చెప్పేవారు కాదు. టెక్సాస్‌లో 2021 నాటి చట్టం కవరుపై గుర్తింపు సంఖ్యను తప్పనిసరి చేసింది. 2022 మార్చి ప్రాథమిక ఎన్నికల్లో సుమారు 12 శాతం పోస్టల్ ఓట్లు తిరస్కరణకు గురయ్యాయి. సూచనలు, ప్రచారం మెరుగుపడ్డాక నవంబరులో అది 3 శాతం లోపుకు దిగింది. చెప్పేవారుంటే ఓటరు సరిదిద్దుకుంటాడు.

సవరణకు అవకాశమిస్తే ఓటు రహస్యం పోతుందని కొందరంటారు. ఈ భయానికి ఆధారం లేదు. లోపం ఉన్నది ప్రకటనలో. బ్యాలెట్ ఉన్నది విప్పని లోపలి కవరులో. దానిని తాకకుండానే ప్రకటనను సరిచేయించవచ్చు. లెక్కింపు ఆలస్యమవుతుందన్న అభ్యంతరంలో కొంత నిజముంది. అందుకే గడువు లెక్కింపుకు ముందటి రోజుతో ముగియాలి. ఓటరుకు కబురు పంపే బాధ్యత పార్టీలకు కాక రిటర్నింగ్ అధికారికే ఉండాలి.

మన కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. ఎన్నికల విధుల్లో ఉండే మన ఉపాధ్యాయులు, పోలీసులు, గుమాస్తాలు ఈ పద్ధతిలోనే ఓటు వేస్తారు. 85 ఏళ్లు దాటిన పెద్దలకు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ఇంటి వద్దే పోస్టల్ ఓటు సదుపాయం ఉంది. ఉర్దూ తప్ప మరో లిపి చదవలేని నానీలు, దాదాలు మన ఇళ్లలో ఎందరో! ఇంటికి వచ్చిన బృందం ఒక సంతకం మరిచిపోతే నష్టపోయేది ఆ పెద్దలే.

కనుక మా కోరికలు నాలుగు. కవరు మూయకముందే ప్రకటనను సరిచూసే బాధ్యత అక్కడి అధికారికి అప్పగించాలి. బయటి కవర్లను అభ్యర్థుల ఏజెంట్ల సమక్షంలో ముందుగా తెరిచి, లోపముంటే ఓటరుకు కబురు పంపి గడువివ్వాలి. తిరస్కరిస్తే కారణాన్ని ఓటరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఉర్దూ రెండవ అధికార భాషగా ఉన్న ఉభయ రాష్ట్రాల్లో సూచనల పత్రం ఉర్దూలోనూ ఇవ్వాలి. ఇందుకు 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలు మారాలి. ఎన్నికల సంఘాన్ని సంప్రదించి కేంద్ర ప్రభుత్వం వాటిని మార్చవచ్చు.

అంతవరకు మన జాగ్రత్త మనదే. ఇంట్లో పోస్టల్ ఓటు వేసేవారుంటే కవరు అంటించేముందు నాలుగు చూడండి: మీ సంతకం, అధికారి సంతకం, అధికారి పేరు, హోదా, ముద్ర, రెండుచోట్లా ఒకే క్రమసంఖ్య. అధికారి తొందరపడుతున్నా మీరు తొందరపడకండి. అడగడం మీ హక్కు.